నిద్రమాత్ర మానునప్పుడు

మందు మ్రింగుటకు వైద్యుని యనుజ్ఞ కావలెనని యందఱు నెఱుగుదురు. దానిని మానుటకును వైద్యుని యనుజ్ఞ కావలసిన సందర్భములు గలవని యెఱిగినవా రరుదు. సోదరీమణులారా! నేడు మేము ముచ్చటింపదలచినది యీ రెండవ సంగతియే. అందును విశేషించి నిద్రమాత్రల విషయము.

ఈ మాత్ర యింటిలో నడుగుపెట్టు విధము మనకు క్రొత్త కాదు. ఇంటి యజమాని కాలముచేసిన పదునైదు దినములకో, శస్త్రచికిత్స జరిగిన వారమునకో, నిద్రపట్టక తల్లడిల్లుచున్న తల్లికి డాక్టరుగారు కొన్నాళ్లకై యొక చిన్నమాత్ర వ్రాయుదురు. అల్ప్రాజోలమ్, క్లోనజిపామ్, లోరజిపామ్, డయజిపామ్ అని పేర్లు వేఱైనను నివి యొక్క కడుపున బుట్టిన యక్కచెల్లెండ్రు. కొలది దినములు వాడినచో మేలొనర్చునవే. చిక్కేమనగా, చీటి పాతబడును గాని మాత్ర పాతబడదు. రెండు వారములకు వ్రాసినది రెండేండ్లు సాగును. చీటి లేనిదే యిట్టి మందుల నమ్మరాదు; వీనిలో గొన్నిటి యమ్మకమును ప్రత్యేక పుస్తకమున నెక్కించి మూడేండ్లు భద్రపఱుపవలెనని 2014 మార్చి నుండి నిబంధన గలదు. అయినను “అమ్మమ్మగారి మాత్రలు” అన్నంతనే పొట్లము గట్టి యిచ్చు దుకాణదారులు లేకపోలేదు.

మెదడులో నుద్రేకము నణచు గాబా యను పదార్థ మొకటి సహజముగనే కలదు. ఈ మాత్రలు దాని బలమును హెచ్చించును. నెలల తరబడి యట్లు జరుగగా మెదడు దానికి దగినట్లు తన యేర్పాట్లను మార్చుకొనును. వంటమనిషి కుదిరిన యింట గృహిణి చేయి వెనుకబడుట సహజము గదా! ఆ వంటమనిషి చెప్పకుండ మానివేసిన పూట వంటిల్లెట్లుండునో, మాత్ర హఠాత్తుగ నాగిన మెదడు నట్లే యుండును. నిద్ర పూర్తిగ దూరమగును, గుండె దడదడలాడును, చేతులు వణకును, చెమటలు పోయును, చిన్న చప్పుడు సయితము చెవి కోర్వరానిదగును. తీవ్రమైనచో మూర్ఛయు మతిభ్రమయు గలిగి ప్రాణాపాయమే సంభవింపవచ్చును.

మా వీధిలో నొక పెద్దమ్మగా రాఱేండ్లుగ నిట్టి మాత్ర వాడుచుండిరి. పట్టణమునుండి వచ్చిన కుమారుడు, ఇది ముసలివారికి మతిమఱుపు దెచ్చుననియు, తూలి పడవేయుననియు విని, మాత్రలన్నియు గాలువలో బాఱవైచెను. ఆతడు విన్నది నిజమే. చేసిన పద్ధతి మాత్రము ప్రమాదకరము. మఱునాటి రాత్రి యామెకు గన్ను మూతపడలేదు. మూడవనాడు కాఫీగ్లాసు చేత నిలువలేదు. “పంతము పట్టినది, మాత్రకై వేషములు వేయుచున్నది” అని యింటివారనిరి. నాలుగవనాటి యుదయమున మూర్ఛ వచ్చి వాకిట బడిపోయిరి. ఆసుపత్రిలో డాక్టరుగా రా మందునే మరల మొదలిడి, ఎనిమిది నెలలలో గొంచెము గొంచెముగ మాన్పించిరి. కుమారుని ప్రేమను మేము శంకింపము. ఆమె వణకును వేషమనుట మాత్రము మాకు నేటికిని సహింపరాకున్నది.

ఇది మందుపెట్టెలకు మాత్రమే చెందిన కథ గాదు. 2015వ సంవత్సరమున తెలంగాణమున అధికారులు కల్తీకల్లుపై దాడులు సాగించి యమ్మకము నరికట్టినప్పుడు, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో గూలినాలి చేసికొను స్త్రీపురుషు లనేకులు వణకుచు, పిచ్చివారివలె బ్రవర్తించుచు నాసుపత్రులకు జేరిరి. అట్టి కల్లులో గలుపునవి అల్ప్రాజోలము, డయజిపాము, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులే. పెద్దమ్మగారి పెట్టెలోని మాత్రయు, కూలికి బోవు నామె ముంతలోని పొడియు నొక్క జాతివే. మానినప్పటి బాధయు నొక్కటే. ఈమెను రోగియని యాదరించి యామెను త్రాగుబోతని యీసడించుట యే న్యాయము?

మఱి మానుటెట్లు? మెల్లగ. 2025లో అమెరికా వైద్యసంఘములు గొన్ని కలిసి ప్రకటించిన సూచనలలో, మొదట రెండు మొదలు నాలుగు వారముల కొకమాఱు నూటికి 5 నుండి 10 వంతుల వఱకు దగ్గింపవలెననియు, రెండు వారములలో 25 వంతులకు మించరాదనియు నున్నది. ఇది చదివినపుడు మాకు వాగ్భటుని అష్టాంగహృదయము జ్ఞప్తికి వచ్చినది. అలవాటుపడిన యపథ్యమును పాదము చొప్పున గాని, పాదములో బాదము చొప్పున గాని విడువవలెనని యందు గలదు. పాదములో బాదమనగా మన పాతలెక్కలలో వీసము, నూటికి ఆఱుంబావు! ఆయన యీ మాత్రల నెఱుగడు. సర్వము మన పూర్వులే చెప్పిరని చాటుట మా యభిమతము గాదు. మానుటకును నొక లెక్క గలదని గుర్తించుట మాత్రము ముచ్చటగ నున్నది.

ఆ లెక్క వేయవలసినది వైద్యుడే. కొన్ని మాత్రలు విఱిచి వేసికొనదగినవి గావు. తగ్గించిన ప్రతిసారియు గొన్ని దినములు నిద్ర చెడును. “చూచితిరా, మాత్ర లేక బ్రదుకలే”నని రోగి యనును, ఇంటివారును నమ్ముదురు. అది పాతజబ్బు తిరుగబెట్టుటయే కానక్కఱలేదు. తగ్గించిన వెంటనే పుట్టి క్రమముగ సన్నగిల్లినచో, మానుటవలని బాధ యగుటకే యవకాశ మెక్కువ. ఓర్వరాకున్నచో వైద్యున కెఱిగించి యా మెట్టుననే కొన్నాళ్లు నిలువవచ్చును. మధ్యాహ్నము దాటిన పిదప కాఫీ యీయకుడు; పగటినిద్ర మాన్పించి, రాత్రి యెట్లు గడచినను వేకువ నొకే వేళకు లేపుడు. తగ్గించిన తేదీని క్యాలెండరుపై వ్రాసియుంచుడు. నిద్ర రాలేదని దగ్గుమందో, మద్యమో యియ్యవలదు.

2014లో ప్రకటితమైన కెనడా పరిశోధన యొకటి మాకు మిక్కిలి నచ్చినది. 65 ఏండ్లు నిండి యిట్టి మాత్రలు వాడుచున్న 303 మందిలో గొందఱికి జిన్నపుస్తక మొకటి పంపిరి. మాత్రలవలని కీడును, 21 వారములలో దగ్గించుకొను పట్టికయు నందు గలవు. ఆఱునెలలకు బుస్తక మందినవారిలో నూటికి 27 మంది మానిరి, అందనివారిలో 5గురు.

మూర్ఛ వచ్చినను, లేనివి కనబడుచున్నవన్నను, మనుష్యుల గుర్తింపకున్నను తెల్లవాఱువఱకు గూర్చుండక వెంటనే యాసుపత్రికి గొనిపోవలెను. ఏండ్ల తరబడి మితిమీఱి సారా త్రాగువాని నొక్కసారిగ మాన్పింపబోయి గదిలో బెట్టి తాళము వేయు నిండ్లకును నిదియే మాట. సలహా కొఱకు ప్రభుత్వపు టెలీమానస్ 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఫోను చేయవచ్చును. రుసుము లేదు, తెలుగుననే మాటలాడవచ్చును.