పటిక పాళ్ళు

మురికి నీళ్ళ కడవలో పటిక ముక్క తిప్పితే బురద అడుక్కి దిగి నీళ్ళు తేటపడతాయని మన ఇళ్ళలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అంటే అందరూ నీరి అని పిలిచేది, 1970లలో ఈ పాత పనిని కంటికి కనబడని దాని మీదికి మళ్ళించింది. అదే ఫ్లోరైడ్. 1975లో అచ్చయిన పరిశోధన పత్రం ఆ పద్ధతిని 'నల్గొండ టెక్నిక్' అంది.

ఆ జిల్లా పేరు ఊరికే ఎక్కలేదు. మన దేశంలో తాగునీటి ఫ్లోరోసిస్‌ను 1937లో నెల్లూరు ప్రాంతంలో గుర్తించారు. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పళ్ళ మీద గోధుమరంగు చారలు, బిగుసుకుపోయిన వెన్ను, వంగిన కాళ్ళు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్ళలో వాటిని వేరే చూపించాల్సిన పని ఉండేది కాదు.

తప్పు రాతిది. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ, బోరు లోతు. నీళ్ళు ఏళ్ళ తరబడి రాతి పగుళ్ళలో నానుతాయి. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని గడ్డకట్టించేది. ఈ నీళ్ళలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. కాబట్టి ఫ్లోరైడ్ కరిగే ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. కాచి తాగితే పోతుందా అంటే, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఓర్చుకోవచ్చని భారత ప్రమాణం.

నీరి పద్ధతి చూడ్డానికి వంటింటి పనే. నలభై లీటర్ల బకెట్, దానికి అడుగునుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తున ఒక నల్లా. నీళ్ళలో సున్నం, పటిక, క్రిములు చావడానికి కాస్త బ్లీచింగ్ పౌడర్. ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలపాలి. పటిక నీటితో కలిసి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా దూదిపింజల్లా విరుగుతుంది. ఫ్లోరైడ్ ఆ పింజలకు అంటుకుని వాటితో దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచి పైతేట పట్టుకోవాలి. కరెంటు అక్కర్లేదు, సరుకులు అంగట్లో దొరుకుతాయి. నా లెక్కలో ఇది నిజంగా తెలివైన పని.

చిక్కంతా పాళ్ళ దగ్గరే. బురద తేర్చడానికి లీటరుకు పదుల మిల్లీగ్రాముల పటిక సరిపోతే, ఫ్లోరైడ్ దించడానికి వందలు కావాలి. లీటరుకు ఐదువందలనుకుంటే ఒక బకెట్‌కు ఇరవై గ్రాములు. పటిక ఆమ్లాన్ని వదులుతుంది. ఒక మిల్లీగ్రాము పటిక దాదాపు అర మిల్లీగ్రాము క్షారతను తినేస్తుంది. ఆ లోటు పూడ్చడానికే సున్నం, పటికలో ఇరవయ్యో వంతు. ఫ్లోరైడ్ ఎంతుందో తెలిస్తే చాలదు, క్షారత కూడా తెలియాలి. ఒకే ఫ్లోరైడ్ ఉన్న రెండు బోర్లకు క్షారత తేడాగా ఉంటే పటిక మోతాదూ మారిపోతుంది. ఈత కొలను చూసుకునేవాళ్ళకు ఈ తంటా తెలిసిందే: పీహెచ్, క్షారత, క్లోరిన్ మూడూ ఒకదాన్నొకటి లాగుతుంటాయి. అక్కడ పాళ్ళు తప్పితే కళ్ళు మండుతాయి. ఇక్కడ ఫ్లోరైడ్ మిగిలిపోవచ్చు, లేదా అల్యూమినియం నీళ్ళలోకి రావచ్చు.

మరి పరీక్ష? జిర్కోనియం కలిపిన రంగుద్రావణంలో నీళ్ళు పోస్తే, ఫ్లోరైడ్ జిర్కోనియంను లాగేసుకుని రంగును మారుస్తుంది. ఆ మార్పును బట్టి లెక్క. ఎలక్ట్రోడ్ మీటరైతే ఇంకా సూక్ష్మం, కానీ అది విడిగా ఉన్న ఫ్లోరైడ్‌నే చూస్తుంది. అల్యూమినియంతో జతకట్టి నీళ్ళలోనే దాక్కున్నది దాని కంటికి ఆనదు. దాన్ని విడిపించే బఫర్ ద్రావణం కలపకుండా కొలిస్తే నీళ్ళు బాగుపడ్డట్టే కనబడతాయి. ఈ పద్ధతిపై తర్వాత వచ్చిన గట్టి విమర్శల్లో ఇదొకటి. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకొకటి.

1986లో మొదలైన జాతీయ తాగునీటి మిషన్ ఈ పద్ధతిని ఊళ్ళలోకి తెచ్చింది. తొట్టి నింపి, కలిపి, వదిలే పెద్ద ప్లాంట్లు వచ్చాయి. చాలాచోట్ల మూలబడ్డాయి. రోజూ తూచడానికి, కలపడానికి, మడ్డి తీయడానికి, కొలవడానికి ఒక మనిషి ఉండాలి కదా. యంత్రానికి డబ్బిచ్చినంత తేలిగ్గా ఆ మనిషికి జీతం ఎవరూ ఇవ్వరు.

జనం ఇంకో దారి పట్టారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, మంచినీళ్ళ కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపు మీద, నల్లగొండలో నిరసనగా వందలాది నామినేషన్లు పడ్డాయి. బరిలో మిగిలినవాళ్ళే 480 మంది. బ్యాలెట్ పుస్తకమంతయింది, పోలింగ్ వాయిదా పడింది. డిపాజిట్ ఐదువందలే, ఆ ఏడాదే చట్టం మార్చి పదివేలు చేశారు. వాళ్ళడిగింది పటిక కాదు, కృష్ణా నీళ్ళు. 2015లో చౌటుప్పల్‌లో, ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ లేచింది. నదినీళ్ళు ఇంటి నల్లాలో వస్తే ఫ్లోరైడ్ తీసే బకెట్‌తో పనేముంది?

కృష్ణ లేనిచోట మాత్రం పనుంది. 1990లలో టాంజానియాలోని అరూషా దగ్గర న్గుర్దోతో ఊళ్ళో ఈ పద్ధతినే రెండు బకెట్లకు మార్చారు. మొదటిదాంట్లో కలిపి తేర్చి, గుడ్డమీదుగా రెండోదాంట్లోకి వదలడం. అప్పుడు మడ్డిలోని ఫ్లోరైడ్ మళ్ళీ నీళ్ళలో కలవదు. ఆ నీటికి ఇరవై లీటర్లకు 12.8 గ్రాముల పటిక, 6.4 గ్రాముల సున్నం అని కట్టేశారు. మన ఇరవయ్యో వంతు అక్కడ సగమయింది, ఎందుకంటే నీళ్ళు వేరు. గడియారం లేని ఇంట్లో కూడా కుదిరేలా ఒక నియమం నేర్పారు: అరవై లెక్కపెట్టేదాకా గబగబా తిప్పు, తర్వాత మూడువందలు లెక్కపెట్టేదాకా మెల్లగా.