మీకు తెలుసా? గౌతమి ఒడ్డున చమత్కారం

ఐ.పోలవరం మండలంలో ఎదుర్లంక రేవున నిలబడితే గౌతమి అవతల యానాం కనిపిస్తుంది. ఇప్పుడు బాలయోగి వారధి మీద ఇట్టే దాటేస్తున్నాం గానీ, వెనకటికి పంటు వచ్చేదాకా మాటలతో కాలక్షేపం చేస్తూ కాచుకోవాల్సిందే. గోదావరివాళ్ల మాటలో వెటకారం ఎక్కువని లోకమంతా అంటుంది. ఒకరు ఒక మాట విసిరితే రెండోవాళ్లు దాన్ని నేల మీద పడనివ్వరు. మన పద్యాల్లో, నాటకాల్లో చమత్కారం పుట్టింది కూడా ఇలా మాటకు మాట అందించడంలోంచే అని నా నమ్మకం. ఈ ఏటి చుట్టుపక్కలా, దాని అవతలా దొరికే సంగతులు కొన్ని చూడండి.

యానాంలో పెరిగిన అవధాని

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో కడియంలో పుట్టారు. చిన్నతనంలో కొంతకాలం యానాంలోనే పెరిగి చదువుకున్నారు. జంటలో రెండోవారు దివాకర్ల తిరుపతిశాస్త్రిది భీమవరం వైపు యండగండి. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి దగ్గర చదువుకునే రోజుల్లో కలిసిన ఈ ఇద్దరూ అవధానాన్ని పండితుల అరుగుల మీదనుంచి దించి ఊరూరా తిప్పారు. తిరుపతిశాస్త్రి 1920లో పోయారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు బతికిన చెళ్లపిళ్ల రాసినవాటిని కూడా ఇద్దరి పేరుతోనే వెలువరించారు. స్నేహమంటే అది!

వీళ్ల మీసాల కథ తెలియని తెలుగువాడు తక్కువ. కవులకు మీసాలేమిటని కొందరు నొసలు చిట్లిస్తే, సంస్కృతంలోనూ తెలుగులోనూ మేము కవులమని తెలియడానికే పెంచామనీ, మమ్మల్ని గెలిచినవాడుంటే వీటిని తీసేసి దణ్ణం పెడతామనీ పద్యంలోనే జవాబు చెప్పారు. ఆక్షేపణ నోట్లో ఉండగానే అది సవాలుగా మారిపోయింది. ఆ మీసాలు ఆఖరిదాకా అలాగే ఉన్నాయి.

అష్టావధానంలో ఒక కుర్చీ అల్లరికే

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధాని చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం కట్టమంటారు, మరొకరు నిషిద్ధాక్షరి పేరుతో అక్షరం అక్షరానికీ అడ్డుపడి ఆ అక్షరం వద్దంటారు. వీళ్లందరి మధ్యా ఒకాయన పని ఇంకేమీ కాదు, అవధాని ధ్యాస చెడగొట్టడమే. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. పేరే చెబుతోంది, సమయం సందర్భం లేని మాట అని.

అదెలా ఉంటుందో తెలియడానికి నేనే ఒకటి అల్లి చెబుతాను. నిషిద్ధాక్షరి మాంచి పట్టులో ఉండగా పృచ్ఛకుడు, “అవధానిగారూ, మా కోనసీమ కొబ్బరికాయకు మూడు కళ్లున్నాయి గదండీ, చెట్టు మీంచి రాలేటప్పుడు కింద ఎవరున్నారో చూసుకోదేమండీ?” అని అడిగాడనుకోండి. అవధాని తల ఎత్తకుండా, “మూడో కన్ను తెరిస్తే కింద నిలబడ్డ మీరు బూడిదైపోతారని, దయతో మూసుకునే పడుతోందండీ” అనాలి. అనేసి, ఏ అక్షరం దగ్గర ఆగాడో అక్కడినుంచే పద్యం అందుకోవాలి.

చూసేవాళ్లకు ఇది విడుపులా కనిపిస్తుంది. అవధానికి మాత్రం ఇదే అసలు గండం. మిగతా ఏడూ ధారణకూ పాండిత్యానికీ పరీక్షలైతే, ఇది మనసు ఎంత తేలిగ్గా ఉందో చూసే పరీక్ష. బెదిరినవాడికి పద్యం వచ్చినా హాస్యం రాదు.

విదూషకుడికి కాపలా ఎవరు?

భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం నాయకుణ్ని ఇంద్రుడు, నాయికను సరస్వతి కాపాడతారు. విదూషకుడికి కాపలా సాక్షాత్తూ ఓంకారం! నవ్వించేవాడికి అంత పెద్ద రక్ష దేనికని అడిగితే నాకు తోచే జవాబు ఒకటే: రాజుగారి తప్పు రాజుగారి ముందు చెప్పేవాడు అతనొక్కడే. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో విదూషకుడి పేరు, మన ఏటికి దగ్గరి చుట్టంలా, గౌతముడు. ఆ నాటకంలో కథ నడిపే ఎత్తులన్నీ అతనివే. షేక్‌స్పియర్ లియర్ రాజు పక్కన ఉండే విదూషకుడూ ఈ జాతివాడే.

నవ్వును అదే శాస్త్రం ఆరు రకాలు చేసింది: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనపడని చిరునవ్వు నుంచి పొట్ట పట్టుకుని పొర్లే నవ్వు దాకా.

నదిని అడిగిన తీరు

దాక్షారామ భీమేశ్వరుడి మీద భీమేశ్వర పురాణం రాసిన శ్రీనాథుడు రాజమహేంద్రవరం రెడ్డిరాజుల ఆస్థానంలో వెలిగినవాడు. నిండు గోదావరి చూసిన ఆ కళ్లు పలనాట నీటికి మొహం వాచాయి. అప్పుడు చెప్పాడంటూ ఒక చాటువు ప్రచారంలో ఉంది. సిరిగల కృష్ణుడు పదహారువేలమందిని పెళ్లాడాడంటే సరే, తిరిపెమెత్తే శివుడికి ఇద్దరు భార్యలెందుకు, పార్వతి చాలు గంగను ఇటు వదలమంటాడు. దాహంతో ఉన్న మనిషి ఏడవలేదు, శివుడితో బేరం పెట్టాడు. చమత్కారం కడుపు నిండినవాళ్ల వినోదం అనేవాళ్లకు నేను ఈ చాటువునే చూపిస్తాను.

అప్పాలు కప్పలైన విందు

అదే దాక్షారామ భీమేశ్వరుడి వరం వల్ల అన్న మాట జరిగేదని వేములవాడ భీమకవి గురించి జనశ్రుతి. తనను గెంటేసిన విందులో అప్పాలు కప్పలు కావాలి, అన్నం సున్నం కావాలి అన్నాడట, అయ్యాయట. ప్రాస కుదిరితే శాపం కూడా పిల్లలు పాడుకునే మాటవుతుంది.

రామాయణంలో కేతిగాడు

కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరు. రామరావణ యుద్ధం జరుగుతుంటే మధ్యలో కేతిగాడూ బంగారక్కా తెర మీదికి దూకుతారు. వాల్మీకి రాయని పాత్రలు. ఊళ్లో ధరవరలూ, అత్తాకోడళ్ల తగువులూ వీళ్ల నోటనే రావాలి. తెల్లవార్లూ ఆట చూసే జనాన్ని నిద్రపోకుండా కూర్చోబెట్టేది ఈ జంటే.

షేక్‌స్పియర్ నాటకానికి తెలుగు పేరు

‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తెలుగు చేసి పెట్టిన పేరు ‘చమత్కార రత్నావళి’. పొరపాట్ల నాటకం మన దగ్గరకొచ్చి చమత్కారాల నాటకమైంది.

చాకలి పేరిగాడి భాష

వేదం వేంకటరాయశాస్త్రి మహా సంస్కృత పండితుడు. 1897 నాటి ప్రతాపరుద్రీయంలో మాత్రం చాకలి పేరిగాడి చేత వాడి మాటే పలికించారు. పాత్రకు తగ్గ భాష ఉండాలని పట్టుబట్టిన మనిషి ఆయన. పేరిగాడు గ్రాంథికంలో మాట్లాడి ఉంటే ఆ నాటకంలో సగం జీవం పోయేది.

పేరు చెప్పని సత్యభామ

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ తెర మీదుగా వేసి, తనంతటిది లేదంటూ వస్తుంది. అంతటి గర్విష్ఠి మొగుడి పేరు చెప్పాల్సివచ్చేసరికి తడబడుతుంది. ఎదుట చెలికత్తె మాధవి. ఈ వేషం సూత్రధారుడే వేస్తాడు, విదూషకుడి పనీ అతనిదే. నీ భర్త ఎవరమ్మా, పేరేమిటమ్మా, చెప్పకపోతే ఎలా వెతికి తీసుకురాను అంటూ మాధవి వదలదు. భామ ఆనవాళ్లు చెబుతుంది గానీ పేరు నోట రాదు. ఒక్క పేరు చుట్టూ ఎంతసేపైనా ఆడొచ్చు.

మా కోనసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ మొగుణ్ని పేరుతో పిలవరు, “మా ఆయన” అంటారు, లేదా “పిల్లల నాన్నగారండీ” అంటారు. అందుకే మాధవి రెండోసారి అడిగేసరికి, చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకరినొకరు పొడుచుకుంటారు.