తీగచుట్టపై తగవు – తీర్పు నేర్పిన పాఠం

రేడియో అనగానే మనకు మార్కోని పేరు స్ఫురిస్తుంది. అంతటి ప్రసిద్ధుని పేటెంటే న్యాయస్థానంలో నిలవలేకపోయిన వృత్తాంతం, యంత్రాల నడుమ పనిచేసే మనందరికీ తెలుసుకోదగినది.

మార్కోని 1900 నవంబరు 10న సమర్పించిన దరఖాస్తుకు 1904లో అమెరికా పేటెంటు లభించింది. దాని సంఖ్య 7,63,772. ప్రసారిణిలో రెండు, గ్రాహకంలో రెండు, వెరసి నాలుగు విద్యుద్వలయాలను ఒకే పౌనఃపున్యానికి శ్రుతి చేయడం ఆ పరికల్పన సారాంశం. వీణ తీగను బిగించి శ్రుతి కలిపినట్లే, తీగచుట్టలో పనిచేసే చుట్ల సంఖ్యను మార్చి ప్రేరకత్వాన్ని సవరిస్తే వలయం కోరిన తరంగానికి స్పందిస్తుంది.

ప్రభుత్వం తన హక్కును ఉల్లంఘించిందని అమెరికాలోని మార్కోని కంపెనీ 1916లో దావా వేసింది. అది సర్వోన్నత న్యాయస్థానానికి చేరి, 1943 జూన్ 21న తీర్పు వెలువడింది. సవరించదగిన తీగచుట్టను ఆంటెనా వలయంలో లాడ్జ్ 1898 నాటి పేటెంటులోనే చూపాడు. శ్రుతి చేసిన వలయాలను టెస్లా వర్ణించాడు. జాన్ స్టోన్ స్టోన్ అనే ఇంజనీరు మార్కోని కంటే తొమ్మిది నెలలు ముందే దరఖాస్తు పెట్టాడు. తెలిసినవాటిని ఇలా కూర్చడం నూతన ఆవిష్కరణ కాజాలదని న్యాయస్థానం భావించి, వివాదంలోని ముఖ్యమైన క్లెయిములను త్రోసిపుచ్చింది. రేడియో ప్రసారాన్ని తొలుత సాధించినవాడన్న మార్కోని కీర్తి మాత్రం ఇక్కడ వివాదాంశం కాదని స్పష్టం చేసింది.

న్యాయమూర్తులందరూ ఏకీభవించలేదు. ఒకరు దారి చూపిన తరువాత ఆ దారి సులభమేనని తోచడం సహజమనీ, ఆ భ్రమకు లోబడరాదనీ ఫ్రాంక్‌ఫర్టర్ హెచ్చరించారు. ఈ హెచ్చరిక నేటికీ విలువైనదే.

మన దేశపు 1970 నాటి పేటెంట్ల చట్టానికి 2002లో జరిగిన సవరణ కూడా ఇదే ప్రశ్నను ముందుంచుతుంది. ఆ విద్యలో నేర్పరియైన వ్యక్తికి తేలికగా తట్టే ఆలోచనకు పేటెంటు దక్కదు.

స్టోన్ పక్షాన బలంగా నిలిచిన సాక్ష్యాలలో 1899లో అతడు తన మిత్రునికి వ్రాసిన లేఖలు ఉన్నాయి. తేదీ వేసిన ఆ కాగితాలు నాలుగు దశాబ్దాల తరువాత న్యాయస్థానంలో మాట్లాడాయి. కనుక పనిచేసేచోట మనకు తోచిన మెరుగుదలను బొమ్మతో, తేదీతో వ్రాసి ఉంచుకుందాం. దరఖాస్తుకు ముందే నలుగురికీ వెల్లడిస్తే హక్కుకే ముప్పు రావచ్చు. శ్రమించిన బుద్ధికి ఫలం దక్కాలంటే, కలమూ చేతితో కలిసి నడవాలి.