నదికి వేసవి సెలవులు

కాశ్మీరులో గుల్మార్గ్ అనే ఊరు ఉంది. సముద్రమట్టానికి 2,600 మీటర్లకు పైగా ఎత్తున, కొండల నడుమ ఉన్న ఊరది. చలికాలంలో అక్కడ దట్టంగా మంచు పడుతుంది. కాళ్ళకు పొడుగాటి బద్దలు బిగించుకుని ఆ మంచువాలు మీద జారతారు. ఈ ఆటను స్కీయింగ్ అంటారు. దీనికోసం దేశదేశాల నుంచి జనం వస్తారు. ఎండలు ముదిరి మంచు కరగగానే ఆట ఆగిపోతుంది.

మరి మంచు పోయాక ఆ ఊళ్ళో చూడడానికి ఏముంటుంది? జవాబు ఊరి పేరులోనే ఉంది. గుల్ అంటే పువ్వు. మార్గ్ అంటే అక్కడివాళ్ళ మాటలో పచ్చికబయలు. మంచు తొలగితే కింద ఉన్నది పూల బయలు! ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళు పరుగులు పెట్టరు. తీరిగ్గా నడుస్తారు, పూలు చూస్తారు, పిట్టల కూతలు వింటారు.

మన తోట్లవల్లూరుకు మంచు లేదు. కాని మనకూ ఒక సీజను ఉంది. మంచుకు బదులు మనది నీళ్ళ సీజను. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తగానే ఊరంతా కరకట్ట ఎక్కి కృష్ణను చూస్తుంది. 2016 ఆగస్టులో పుష్కరాలు వచ్చినప్పుడు రేవుల్లో కాలు పెట్టడానికి చోటు లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదలో బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులు దాటింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అంటే సుమారు 28 లీటర్లు. లెక్క కట్టండి. సెకనుకు మూడు కోట్ల లీటర్లకు పైనే! లక్ష లీటర్లు పట్టే మంచినీళ్ళ ట్యాంకులు మూడువందలు ఒక్క సెకనులో దొర్లుకుపోయినట్టు.

అదే కృష్ణ వేసవిలో ఎలా ఉంటుంది? బ్యారేజీ దగ్గర ఉన్న నీటిని డెల్టా కాలువలు పంచుకుంటాయి. దిగువన మనకు మిగిలేది ఇసుక మేటలు, వాటి మధ్య సన్నని పాయలు. "సెలవుల్లో ఏటికి వెళ్ళి చూసి రాయండిరా" అని ఒకసారి మా తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాను. "ఏట్లో ఏముంది మాస్టారూ, ఇసక తప్ప!" అన్నాడొక గడుగ్గాయి.

వాడికి అప్పుడు చెప్పిన జవాబే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళను ఒకరిని వెంటబెట్టుకుని, పొద్దున ఎండెక్కకముందు గాని, సాయంత్రం చల్లబడ్డాక గాని బయలుదేరండి. జేబులో ఒక అయస్కాంతం, సంచిలో జామెట్రీ పెట్టె, ఒక గ్లాసు, తాగడానికి నీళ్ళ సీసా ఉంటే చాలు.

అయస్కాంతానికి అంటుకునే కొండ

అయస్కాంతాన్ని ఒక కాగితంలో చుట్టి పొడి ఇసుకలో నెమ్మదిగా తిప్పండి. పైకి తీస్తే నల్లటి రేణువులు మీసాల్లాగా అంటుకుని ఉంటాయి. కాగితం విప్పితే అవన్నీ రాలిపోతాయి. ఇసుకలో ఎక్కువ భాగం తెల్లగా మెరిసే స్ఫటికం. దానికి అయస్కాంతంతో పని లేదు. నల్లనివి మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు.

అవి ఎక్కడివి? కృష్ణ మహారాష్ట్రలో మహాబలేశ్వరం దగ్గర పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలుస్తుంది. దాని పుట్టింటి కొండలు నల్లరాతి కొండలు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళలోంచి పొంగిన లావా గడ్డకట్టి ఆ రాయి ఏర్పడింది. ఆ రాతిలో మాగ్నటైట్ ఉంటుంది. ఎండకూ వానకూ రాయి చితికితే దాన్ని నది మోసుకొస్తుంది. దారిలో ఉన్న వేరే రాళ్ళు కూడా తమ వంతు కలుపుతాయి. అంటే మీ కాగితం మీద ఉన్న పిడికెడు ఇసుకలో ఎన్నో కొండలు ఉన్నాయన్నమాట.

చారలు చెప్పే దిక్కు

నీరు తీసిన చోట తడి ఇసుక మీద వరసగా చారలు కనిపిస్తాయి. ఒక్క చారను దగ్గరగా, పక్కనుంచి చూడండి. ఒకవైపు వాలు ఏటవాలుగా, రెండోవైపు నిటారుగా ఉంటుంది. ప్రవాహం ఏటవాలు వైపు నుంచి రేణువులను దొర్లించుకుంటూ ఎక్కించి, శిఖరం దాటగానే అవతలికి జారవిడుస్తుంది. అందుచేత నిటారు వైపు ఎటు ఉంటే నీరు అటు పోయిందని అర్థం. నీరు లేకపోయినా అది ఎటు నడిచిందో ఇసుక చెబుతుంది. పొడి మేటల మీద గాలి చేసే చారలకు కూడా ఇదే సూత్రం.

ఇప్పుడు నీటి అంచున తడి ఇసుక మీద ఒక అడుగు వెయ్యండి. పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం తెల్లబడి పొడిగా కనిపిస్తుంది. కాలితో తొక్కితే నీరు పైకి రావాలి గదా, ఎండిపోవడమేమిటి? రేణువులు ఒకదానికొకటి ఒదిగి, వీలైనంత ఇరుగ్గా కూర్చుని ఉంటాయి. మనం తొక్కినప్పుడు అవి కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. అప్పుడు వాటి మధ్య సందులు పెద్దవవుతాయి. పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. ఆస్‌బోర్న్ రెనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1885లో దీన్ని వివరించాడు. ఆయన చెప్పిన సంగతి మన రేవులో అడుగడుగునా జరుగుతూనే ఉంది.

చెలమ, తీతువు

పాయకు నాలుగు అడుగుల దూరంలో చేత్తో మూరెడు లోతు చెలమ తవ్వండి. కాసేపట్లో నీరు ఊరుతుంది. మొదట బురదగా ఉంటుంది. రెండుసార్లు తోడేస్తే తేటపడుతుంది. గ్లాసుతో పాయ నీరూ చెలమ నీరూ పట్టి పోల్చండి. ఇసుక మంచి వడపోత. మట్టిని ఆపుతుంది. అయితే కంటికి కనిపించని సూక్ష్మజీవులన్నిటినీ ఆపలేదు. తేటగా ఉందని తాగకండి. పరీక్ష అయ్యాక చెలమను పూడ్చండి.

తవ్వేటప్పుడే మరో సంగతి తెలుస్తుంది. పైన కాలుతున్న ఇసుక, జానెడు లోతున చల్లగా ఉంటుంది. పొడి ఇసుక సందుల నిండా గాలి ఉంటుంది. గాలి వేడిని తొందరగా పోనివ్వదు. అందుకే ఎండ పైనే ఆగిపోతుంది.

ఇంత కాలే ఇసుక మీద గుడ్లు పెట్టే పిట్ట ఒకటి ఉంది. అదే తీతువు. గూడు కట్టదు. గులకల మధ్య చిన్న గుంట చేసి సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. గుడ్ల మీది మచ్చలు గులకల రంగులో కలిసిపోతాయి. ఎండ మరీ ఎక్కువైతే తల్లి పాయలోకి దిగి, పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మనం తడిగుడ్డ కప్పి కుండ చల్లబరచినట్టే! తీతువు కూస్తే కీడు అని కొందరు అంటారు. అది కూసేది "నా గుడ్ల జోలికి రావద్దు" అని. ఆ కూత వినబడితే నిలబడి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. మీ కాలికింద ఏముందో మీకు కనబడదు.

ఇసుక గుట్ట పాఠం

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ఆట. దీన్ని తప్పకుండా ఆడండి.

పొడి ఇసుకను గుప్పిట్లోంచి ఒకేచోట ధారగా పొయ్యండి. గుట్ట అవుతుంది. ఇంకా పొయ్యండి. గుట్ట పెద్దదవుతుందే తప్ప నిటారు కాదు. కోణమానిని పక్కన పెట్టి వాలును కొలవండి. 30 నుంచి 35 డిగ్రీల దాకా వస్తుంది. అంతకు మించితే రేణువులు జారిపోతాయి. దీన్ని విరామ కోణం అంటారు. ఇసుక విశ్రాంతిగా నిలవగల వాలు అదే.

ఇప్పుడు చెమ్మ ఇసుకతో గుట్ట చెయ్యండి. చేత్తో కోస్తే గోడలా నిటారుగా నిలబడుతుంది. పిచ్చుకగూళ్ళు కట్టేది ఈ ఇసుకతోనే. రేణువుల మధ్య పలుచని నీటి పొర ఉంటుంది, పక్కనే గాలి ఉంటుంది. ఆ నీటి తలతన్యత రేణువులను ఒకదానికొకటి లాగి పట్టుకుంటుంది.

చివరగా ఆ నిటారు గోడ మొదట్లో గ్లాసుతో నెమ్మదిగా నీరు నింపండి. ఏమైంది? కుప్పకూలింది! సందుల్లో గాలి పోయి అంతా నీరే అయితే పట్టి ఉంచే తలతన్యత ఉండదు. ఇసుక మళ్ళీ తన విరామ కోణానికే జారిపోతుంది.

ఈ ఆట ఎందుకు ముఖ్యమంటే, మన ఏట్లో ఇసుక తవ్విన చోట ఇలాంటి నిటారు గోడల గుంటలు మిగులుతాయి. ఇదివరకు వరద వచ్చినప్పుడు పైనుంచి కొట్టుకొచ్చిన ఇసుక గుంటలను పూడ్చేది. ఇప్పుడు శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాల్లోనే ఇసుకలో చాలా భాగం ఆగిపోతుంది. అందుచేత గుంట తొందరగా పూడదు. నీరు చేరితే పాయకూ గుంటకూ తేడా తెలియదు. పైకి రెండూ ఒక్కలాగే నిశ్చలంగా ఉంటాయి.

మోకాలి లోతని నడుస్తూ పోతే మరుసటి అడుగుకు నేల ఉండదు. నీటి అడుగున ఇసుక సరిగ్గా విరామ కోణంలో నిలిచి ఉంటుంది. అంటే జారడానికి సిద్ధంగా ఉందన్నమాట. కాలు పెట్టగానే జారుతుంది. వెనక్కి ఎక్కుదామని ఒడ్డు పట్టుకుంటే ఆ ఒడ్డూ విరిగి చేతిలోకి వస్తుంది. ఈత వచ్చినవాడు కూడా భయపడి, ఒడ్డుతో పెనుగులాడి అలసిపోతాడు.

నేను పాఠం చెప్పిన పిల్లవాడొకడు ఒక వేసవిలో ఇలాంటి గుంటలోనే పోయాడు. వాడికి ఈత బాగా వచ్చు. విరామ కోణం మా పాఠ్యపుస్తకంలో లేదని ఆ ఏడాది దాకా నేను తరగతిలో చెప్పలేదు. ఆ తర్వాత ఏ సంవత్సరమూ మానలేదు.

కాబట్టి ఈ నియమాలు గుర్తుంచుకోండి. అడుగు కనబడని నీటిలో దిగవద్దు. నిటారుగా తెగిన ఇసుక ఒడ్డు అంచున నిలబడవద్దు, దాని కింద కూర్చోవద్దు. ఎవరైనా గుంటలో పడితే వెంట దూకవద్దు. ఒడ్డుకు దూరంగా బోర్లా పడుకుని తాడో, తువ్వాలో, పొడుగాటి కర్రో అందించండి. మూత బిగించిన ఖాళీ క్యాను విసిరినా అది తేలుతూ మనిషిని నిలబెడుతుంది. గట్టిగా కేకలు వేసి పెద్దవాళ్ళను పిలవండి. 108కి ఫోను చేయించండి. పై నుంచి నీరు వదులుతున్నారని తెలిస్తే ఏటి ముఖమే చూడవద్దు.

చీకటి పడ్డాక

మే నెలలో పెద్దవాళ్ళతో కలిసి రాత్రి తొమ్మిది గంటల దాకా కరకట్ట మీద కూర్చోగలిగితే మరో బహుమతి ఉంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. ఉత్తరాన సప్తర్షి మండలం సాయంతో ధ్రువనక్షత్రాన్ని వెతకండి. నేలకు ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తున ఉంటుంది. మన ఊరి అక్షాంశం సుమారు 16 డిగ్రీలు, ధ్రువనక్షత్రం ఎత్తూ అంతే! ఇప్పుడు దక్షిణానికి తిరగండి. ఇంచుమించు అంతే ఎత్తున నాలుగు చుక్కలు శిలువ ఆకారంలో నిలబడి ఉంటాయి. అది త్రిశంకు మండలం.

గుల్మార్గ్ అక్షాంశం 34 డిగ్రీలు. అక్కడ ధ్రువుడు బాగా పైకి ఉంటాడు గాని, త్రిశంకు ఏ రాత్రీ దిగంతం దాటి పైకి రాదు. అక్కడి పిల్లలకు మంచు ఉంది. మన వేసవి ఏటి ఒడ్డున మనకు ఇది ఉంది.

బడి తెరిచిన రోజున మీ మాస్టారు "సెలవుల్లో ఏం చేశావు?" అని అడుగుతారు. ఒక కాగితం పొట్లంలో నల్ల ఇసుక, నోటుబుక్కులో మీరు కొలిచిన విరామ కోణం తీసుకుని వెళ్ళండి. వెళ్ళే ముందు మీ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఆ గుట్ట ఆట ఒకసారి చేసి చూపించండి.