ఆ ముగ్గురు దీపం కాపరులు ఏమయ్యారు?

1900 డిసెంబర్ 15, శనివారం. స్కాట్లాండ్ పడమటి సముద్రంలో ఒక చిన్న రాతి దీవి మీద ముగ్గురు మనుషులు డ్యూటీలో ఉన్నారు. ఆ పొద్దున 9 గంటల దాకా వాళ్లు పలక మీద రాసిపెట్టిన లెక్క ఉంది. ఆ తర్వాత వాళ్లను చూసినవాళ్లు లేరు. శవాలు కూడా దొరకలేదు. నూరేళ్లు దాటిపోయినా ఆ ముడి ఇంకా వీడలేదు.

మా మనవడు ఈ కథ ఫోనులో వినిపించాడు. అందులో దయ్యం ఉంది, సముద్రపు భూతం ఉంది, పిచ్చెక్కిన మనిషి ఉన్నాడు. నా చదువు నాలుగో తరగతి దాకే. కానీ 34 ఏళ్లు మిల్లులో మూడు షిఫ్టులూ చేసినవాణ్ణి. డ్యూటీ మీద మనిషి పోయాడంటే నేను అడిగేది ఒకటే, ఎంక్వైరీలో ఏం రాశారని. వీళ్ల మీద ఎంక్వైరీ జరిగింది, రిపోర్టు కూడా ఉంది. మనవడి చేతనే దాన్ని తెలుగులో చెప్పించుకున్నాను. మన పత్రికలో రాయాలని ఎందుకు అనిపించిందంటే, ఆ ముగ్గురిలో ఒకాయన మనలో చాలామందిలాగే బద్లీ మనిషి.

దీవి, డ్యూటీ

ఫ్లానన్ దీవులని, లూయిస్ అనే పెద్ద దీవికి పడమర 32 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. వాటిలో పెద్దదాని పేరు ఐలీన్ మోర్. చుట్టూ నిట్టనిలువు రాయి, పైన గడ్డి, అంతే. ఓడలు రాళ్లకు గుద్దుకోకుండా అక్కడ 23 మీటర్ల ఎత్తు లైట్‌హౌస్ కట్టారు. పని 1895లో మొదలైతే 1899 డిసెంబర్ 7న దీపం వెలిగింది. సామాను దించడానికి తూర్పున ఒక రేవు, పడమట ఒక రేవు పెట్టారు.

పెద్ద కాపరి జేమ్స్ డుకాట్, వయసు 43. ఆయన కింద థామస్ మార్షల్. మూడో చోటు విలియం రాస్ అనే ఆయనది. ఆయన జబ్బు సెలవు మీద ఉన్నాడు. ఆ చోటులోకి వచ్చినవాడు డొనాల్డ్ మెక్‌ఆర్థర్, వయసు 40. పర్మినెంటు మనిషి రాలేనప్పుడు పిలిపించుకునే మనిషి. మనం బద్లీ అంటాం గదా, అదే.

15వ తేదీ రాత్రి ఆ దారిన పోయిన ఒక ఆవిరి ఓడవాళ్లకు దీపం కనిపించలేదు. డ్యూటీ మార్చే పడవ హెస్పరస్ 20వ తేదీకి బయలుదేరాలి. సముద్రం బాగాలేక అది దీవికి చేరేసరికి 26 మధ్యాహ్నం అయింది. జెండా ఎగరలేదు. రేవులోకి ఎవరూ రాలేదు. కూత వేసినా, రాకెట్టు కాల్చినా పలికిన మనిషి లేడు. డ్యూటీ ఎక్కడానికి వచ్చిన జోసెఫ్ మూర్ అనే కాపరి ఒక్కడే ముందు పైకి ఎక్కిపోయాడు.

గేటు మూసి ఉంది. బయటి తలుపు మూసి ఉంది. వంటింటి తలుపు తెరిచి ఉంది. పొయ్యి రాజేసి చాలా రోజులైనట్టుంది. గడియారం ఆగిపోయింది. పడకలు ఖాళీ. ఆ రాత్రే మూర్, ఇంకో ముగ్గురు దీవిలో ఉండిపోయి దీపం మళ్లీ వెలిగించారు. ఆ మూర్ గుండెధైర్యానికి దండం పెట్టాలి.

ఎంక్వైరీలో తేలింది

డిసెంబర్ 29న లైట్‌హౌసుల సూపరింటెండెంటు రాబర్ట్ మ్యూర్‌హెడ్ వచ్చాడు. డిసెంబర్ 7న ఆ ముగ్గురికీ చేయి కలిపి వీడ్కోలు చెప్పిపోయింది ఆయనే. ఈయన మూల మూలా చూసి రాశాడు.

దీపం తుడిచి, నూనె నింపి, రాత్రికి సిద్ధంగా ఉంది. వంటింట్లో గిన్నెలు కడిగి ఉన్నాయి. లెక్క పుస్తకం 13వ తేదీ దాకా నిండింది. 14వ తేదీది, 15వ తేదీ పొద్దునదీ పలక మీద ఉంది. అంటే మనం రఫ్‌గా రాసుకుని తర్వాత రిజిస్టరులో ఎక్కించినట్టు. పొద్దుటి పని మొత్తం అయిపోయిందన్న మాట.

తూర్పు రేవు బాగానే ఉంది. పడమటి రేవు చూస్తే నమ్మబుద్ధి కాదు. సముద్రానికి 33 మీటర్ల ఎత్తున రాతి సందులో తాళ్ల పెట్టె ఒకటి ఉండేది. అది పగిలి తాళ్లు చెల్లాచెదురయ్యాయి. 33 మీటర్లంటే పది అంతస్తుల బిల్డింగు! ఇనుప కటకటాలు వంగిపోయాయి. పట్టాలు కాంక్రీటులోంచి ఊడివచ్చాయి. టన్నుకు మించిన బండరాయి చోటు మారింది. కటకటాలకు కట్టిన లైఫ్‌బాయ్ లేదు. దాని తాళ్లు మాత్రం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి, గుడ్డ పీలికలు వాటికి అంటుకుని ఉన్నాయి. మనిషి విప్పితే అట్ల ఉండదు. నీళ్లే లాక్కుపోయాయి.

డుకాట్, మార్షల్ సముద్రపు బూట్లు, వానకోట్లు తొడుక్కునే పోయారు. మెక్‌ఆర్థర్ కోటు మాత్రం ఇంట్లోనే ఉంది. చలికాలం, అటువంటి దీవి. ఆయన ఒంటి మీది చొక్కాతోనే బయటికి పోయిండు.

మ్యూర్‌హెడ్ తేల్చింది ఇది. 15వ తేదీ మధ్యాహ్నం భోజనాల వేళ దాకా వాళ్లు డ్యూటీలోనే ఉన్నారు. ఆ తర్వాత తాళ్ల పెట్టెను భద్రం చేయడానికి పడమటి రేవుకు దిగారు. అనుకోనంత పెద్ద అల ఎక్కివచ్చి కిందికి పడుతూ వాళ్లను ఊడ్చుకుపోయింది. గాలి తోసిందా అని కూడా ఆలోచించాడు. కానీ గాలి పడమటి నుంచి కొడుతుంటే మనిషిని దీవి మీదికి తోస్తుంది గానీ సముద్రంలోకి కాదని దాన్ని పక్కన పెట్టాడు.

కథలు ఎట్ల పుట్టాయి

1912లో గిబ్సన్ అనే ఇంగ్లీషు కవి దీని మీద పద్యం రాశాడు. అందులో ముట్టని భోజనం, బోర్లా పడిన కుర్చీ పెట్టాడు. చదివినవాళ్లు అదే నిజమనుకున్నారు. కడిగిన గిన్నెల సంగతి మరుగున పడింది. 1929లో ఒక అమెరికా పత్రిక ఇంకా ముందుకు పోయింది. కాపరుల పుస్తకంలో తుఫాను గురించి, మెక్‌ఆర్థర్ ఏడ్చిండని, అందరూ ప్రార్థన చేశారని రాసి ఉందని అచ్చేసింది. అసలు పుస్తకంలో అవేవీ లేవు. మీరే ఆలోచించండి. పెద్ద కాపరి కింద పనిచేసే మనిషి తన పెద్ద సంగతి, తోటివాడి ఏడుపు కంపెనీ రిజిస్టరులో రాస్తాడా? మిల్లులో జాబర్ మూడీగా ఉన్నాడని మనం హాజరీ బుక్కులో ఎప్పుడైనా రాశామా?

ఇంకొందరు మెక్‌ఆర్థర్‌కు కోపం ఎక్కువ, ఆయనే మిగతా ఇద్దరినీ కొట్టి చంపి తానూ దూకాడని చెబుతారు. సాక్ష్యం ఏదీ లేదు. ముగ్గురిలో బద్లీ ఎవరో చూసి వేలు అటే పెట్టారు.

ఈ పద్ధతి నాకు కొత్త కాదు. నేను చేసిన ఒక మిల్లులో రాత్రి పాళీలో సాంచా మీది నాడె ఎగిరి ఒక బద్లీ కుర్రవాడి కంటికి తగిలింది. ఆ సాంచా బాగా లేదని రెండు రోజుల ముందే మేమందరం చెప్పి ఉన్నాం. కాగితం మీద మాత్రం "బద్లీ అజాగ్రత్త" అని ఎక్కింది. పర్మినెంటు వాళ్ల తరఫున మాట్లాడడానికి యూనియను ఉంటుంది. బద్లీకి గేటు దగ్గర నిలబడడమే ఉంటుంది.

విడని ముడి

రిపోర్టు నిజాయితీగా రాసిందే. అయినా అన్నీ తేలలేదు. ముగ్గురిలో ఒకరు ఎప్పుడూ దీపం దగ్గర ఉండాలన్నది పద్ధతి. కోటు కూడా వేసుకోకుండా మూడో మనిషి ఎందుకు పోయిండు? ఒకరిని అల లాగితే ఇంకొకరు పైకి వచ్చి పిలిచారా? పైనుంచి పెద్ద అలలు వస్తున్నాయని చూసి హెచ్చరించడానికి పరుగెత్తాడా? పరుగెత్తే మనిషి తలుపూ గేటూ మూసి పోతాడా? ఇవి అడిగే కొద్దీ అడగవచ్చు. జవాబు చెప్పగలిగిన ముగ్గురూ లేరు.

నా మటుకు నాకు ఆ కోటే పెద్ద సాక్ష్యం. తోటివాళ్లకు అపాయం వచ్చిందని తెలిసినప్పుడే మనిషి ఉన్నపళంగా పోతాడు. మిల్లులో మంట లేచిందని కేక వినబడితే చెప్పులు వెతుక్కున్నవాణ్ణి నేను చూడలేదు.

డుకాట్ వెనక భార్య, నలుగురు పిల్లలు మిగిలారు. మెక్‌ఆర్థర్ వెనక భార్య, ఇద్దరు పిల్లలు. తండ్రిని సముద్రం తీసుకుపోయిందంటే పిల్లలు ఎట్లనో తట్టుకుంటారు. తండ్రి హంతకుడంటే ఎట్ల తట్టుకోవాలి?

ఆ దీపం 1971 నుంచి మనిషి లేకుండానే వెలుగుతోంది. మీ ఇంట్లో పిల్లలు ఫోనులో ఈ దయ్యం కథ చూస్తే వాళ్లను కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని నింపిన నూనె, కడిగిన గిన్నెలు, ఇంట్లో మిగిలిన కోటు గురించి కూడా చెప్పండి.