సంఘపు కంప్యూటరునకు అప్‌డేటు ఎన్నాళ్ళకొకసారి?

మన ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘములలో చిట్టా ఆవర్జాలకు బదులుగా కంప్యూటర్లు వచ్చుచున్నవి. మొదట 63,000 సంఘముల నిమిత్తము 2,516 కోట్ల రూపాయల అంచనాతో కేంద్ర మంత్రివర్గము 2022వ సంవత్సరము జూన్ నెలలో ఇందుకు పథకము నంగీకరించినది. రైతు తీసికొన్న పంట ఋణమును, కట్టిన వడ్డీయు, వాటాధనమును, ఎరువుల నిల్వయు ఆ యంత్రమునందే చేరుచున్నవి. దాని తెరమీద "అప్‌డేటు చేయవలెను" అను ప్రకటన మాటిమాటికిని కనబడుచుండును. పనివారు దానిని వాయిదా వేయుచుందురు. ఎరువుల లారీ వాకిట నిలిచియుండగా యంత్రము అరగంటసేపు పని మానినచో ఎవరికి మాత్రము విసుగు పుట్టదు? అయినను ఆ వాయిదాలో సభ్యుల లెక్కల క్షేమము ఇమిడియున్నది.

ఆపరేటింగు సిస్టము అనగా కంప్యూటరు చేయు పనులనెల్ల నడపు మూల సాఫ్ట్‌వేరు. మీట నొక్కిన అక్షరము తెరమీదికి వచ్చుట, లెక్క దాచబడుట, రసీదు అచ్చగుట, ఇంటర్నెట్టుతో సంబంధము కలుగుట, ఇవి యన్నియు దాని యాజ్ఞ చొప్పున జరుగును. విండోస్ వంటిది కోట్లకొలది పంక్తులతో వ్రాయబడినది గనుక అందు దోషము లుండక తప్పవు. చెరువుకట్టలోని ఎలుక బొక్కవలె అవి కొన్ని ఏండ్లకొలది ఎవరికిని కనబడవు. ఎవరైనను కనిపెట్టినప్పుడు కంపెనీవారు మరమ్మతు చేసి పంపుదురు, అదియే అప్‌డేటు. ఇందొక చిక్కు కలదు. మరమ్మతు ప్రకటించిన దినముననే, దోషమెచ్చట నున్నదో దొంగలకును తెలియును. కావున మరమ్మతు వచ్చిన పిదప దానిని వేసికొనని యంత్రము మునుపటికంటె నెక్కువ యపాయములో పడును.

ఇందుకు 2017వ సంవత్సరపు వృత్తాంతమే సాక్ష్యము. ఆ యేడు మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్‌నందలి యొక పెద్ద దోషమునకు మరమ్మతు పంపెను. మే 12వ తేదీన, అనగా 59 దినముల పిమ్మట, ఆ దోషము గుండనే "వానాక్రై" అను చెడు ప్రోగ్రాము బయలువెడలినది. అది కంప్యూటరులోని ఫైళ్ళనెల్ల ఎవరును చదువజాలని గుప్తలిపిలోనికి మార్చి, విడిపించుటకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు అడిగినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవ స్తంభించి రోగులను వేఱుచోట్లకు మరలింపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దీని వాతబడినవి. మార్చి నెల మరమ్మతు వేసికొనిన యంత్రములకు ఈ దోషము గుండ ప్రవేశము లేకపోయెను.

ఇక ఎన్నాళ్ళకొకసారి యను ప్రశ్నకు వత్తము. మైక్రోసాఫ్ట్‌వారు 2003 అక్టోబరు మొదలుకొని ప్రతి నెలయు రెండవ మంగళవారమున అప్‌డేట్లు విడుదల చేయుచున్నారు. మన గడియారము ప్రకార మది రాత్రి పదిన్నర దాటిన పిదప గనుక, మనకు బుధవారము అందినట్లు లెక్క. ఆ వారములోనే ఒకనాటి సాయంకాలము, దినపు లెక్క ముగించిన పిదప అప్‌డేటు చేసికొనుట యుక్తము. అత్యవసరమైనవి నడుమ వచ్చినచో నెల తిరుగువఱకు ఆగరాదు. ఉబుంటు వాడువారికిని ఇదే పద్ధతి చాలును. చేతి ఫోను సంగతియు ఇట్టిదే. బ్యాంకు లావాదేవీలు అందుండియే చేయు రైతులు దీనిని ఉపేక్షింపరాదు.

అప్‌డేటే కీడు చేయదా యని కొంద రడుగుదురు. చేసిన సందర్భము కలదు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అను కంపెనీవారి రక్షణ సాఫ్ట్‌వేరునకు వచ్చిన లోపపు అప్‌డేటు వలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. అది విండోస్ అప్‌డేటు కాదు గాని, భయము నిరాధారము కాదని తెలుపుచున్నది. అందుచేత ముందుగా లెక్కల ప్రతి నొకదానిని వేఱు డిస్కునందు దాచి, దానిని యంత్రమునుండి విడదీసి యుంచవలెను. రెండు కంప్యూటర్లున్న సంఘము మొదట ఒకదానికి చేసి, మఱునాడు రెండవదానికి చేయవచ్చును.

వీటన్నిటికంటె నెక్కువగా చూడవలసినది అప్‌డేట్లే రాని యంత్రము. విండోస్ 7కు 2020 జనవరి 14తోను, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తోను సాధారణ మరమ్మతులు ముగిసినవి. విండోస్ 10 వాడు సంస్థలు వెల యిచ్చి మూడేండ్లకు మించకుండ పొడిగింపు పొందవచ్చును. విండోస్ 11 పాత యంత్రములు పెక్కింటిపై నిలువదు గనుక, క్రొత్తవి కొనవలసినచో బడ్జెటులోనే చేర్చుకొనవలెను. సభ్యులు సర్వసభ్య సమావేశమున దీనిని అడుగవచ్చును. తెలిసికొనుట కష్టము కాదు. విండోస్ గుర్తుగల మీటను, ఆర్ అక్షరపు మీటను ఒక్కసారి నొక్కి, వచ్చిన గడిలో ఆంగ్లమున డబ్ల్యు, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అను ఆఱక్షరములు టైపు చేసి ఎంటర్ నొక్కినచో, ఆ యంత్రమున ఏ విండోస్ నడచుచున్నదో తెరమీద కనబడును.