భాష - అస్తిత్వం : దక్షిణాఫ్రికాలో రెండు వర్గాల యువత

భాష పోయిన జాతి పోయినట్లేనని మన సభలలో తరచు వినబడే మాట. దక్షిణాఫ్రికాలోని తెలుగువారిని, ఆఫ్రికాన్స్ మాతృభాషగా గల శ్వేతజాతి యువతను పక్కపక్కన నిలిపి చూచినపుడు ఈ మాటను కొంత సవరించుకోవలసి వస్తుంది.

మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' నౌక 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు నేటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లిన భారతీయులు లక్షన్నరకు పైబడినవారు. వారిలో మన కోస్తా జిల్లాలవారు, చిత్తూరు ప్రాంతంవారు ఉన్నారు. అక్కడివారి దృష్టిలో వీరందరూ 'మద్రాసీ'లే. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ తెలుగు బోధనకై పాటుపడినప్పటికీ, బడిలోను, కొలువులోను ఇంగ్లీషే అన్నం పెట్టినందున క్రమంగా ఇంటిలోను అదే నిలిచింది. అసలు ఇంటిపేరు మరుగునపడి, 'నాయుడు' అన్న గౌరవవాచకమే ఇంటిపేరైన కుటుంబాలు అనేకం. ఆ ఇళ్ల పిల్లలలో తెలుగులో ఒక వాక్యమైనా కూర్చలేనివారు సైతం ఉగాది జరుపుకొంటారు, రోమను లిపిలో వ్రాసుకొని భజన పాడుతారు, తాము ఆంధ్రులమనే చెప్పుకొంటారు. 1996 నాటి ఆ దేశ రాజ్యాంగం ఆరవ విభాగంలో, ప్రోత్సహించి గౌరవింపవలసిన భాషల నడుమ తెలుగును పేర్కొన్నది. సంతోషమే, కాని రాజ్యాంగంలో చోటు దొరికినంత సులభంగా వంటింటిలో చోటు దొరకదు.

శ్వేత యువత స్థితి దీనికి విపర్యయం. వారికి భాష ఉన్నది. దానితో వచ్చిన పేరే బరువైనది. 1925లో అధికార ప్రతిపత్తి పొందిన ఆఫ్రికాన్స్, 1948 తరువాత వర్ణవివక్ష ప్రభుత్వపు భాషగా ముద్రపడింది. నల్లజాతి పిల్లల పాఠశాలలలో దానిని బోధనా మాధ్యమంగా రుద్దగా 1976 జూన్ 16న సొవెటోలో విద్యార్థులు తిరగబడి, పోలీసు కాల్పులలో ప్రాణాలు కోల్పోయారు. 1994 తరువాత పుట్టినవారు ఆ పాపంలో పాలు లేనివారే అయినను, నోరు విప్పగానే ఆ చరిత్ర వారి వెంట వస్తుంది. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయం 2016లో ఇంగ్లీషుకు ప్రాధాన్యమిచ్చిన భాషావిధానాన్ని 2019లో రాజ్యాంగ న్యాయస్థానం సమర్థించింది. దీనిని అన్యాయమన్నవారును, న్యాయమన్నవారును ఆ భాషీయులలోనే ఉన్నారు.

ఇక్కడ మరువరాని విషయమొకటి ఉన్నది. డచ్చి భాష కేప్ ప్రాంతంలో బానిసల నోట, ఖోయి జనుల నోట నలిగి ఆఫ్రికాన్స్ అయింది. దాని తొలి గ్రంథాలలో కొన్నింటిని కేప్ ముస్లిములు అరబ్బీ లిపిలో వ్రాసుకొన్నారు. నేటికీ దానిని ఇంటిభాషగా గలవారిలో శ్వేతేతరులే అధికం. కనుక తమ భాష తమ వర్ణానికే చెందినది కాదని గ్రహించిన శ్వేత యువకునికి, ఆ భాషలో పలకరించడానికి ఇరుగుపొరుగు ఉన్నది. డర్బన్‌లోని తెలుగు యువకునికి లేనిది అదే.